పొలములో పడిన అడవిమృగము ఎవరి సొత్తు?



మన కోనసీమ అడవిసీమ గాదు. ఒక ప్రక్క గౌతమి, ఒక ప్రక్క వసిష్ఠ, దిగువను సముద్రము, నడుమ కొబ్బరితోటలు, వరిచేలు, అరటితోటలు. ఇట్టిచోట అడవిమృగముల చట్టముతో మనకేమి పని యని పలువురనుకొందురు. ఆ తలంపు సరికాదు. ధవళేశ్వరము చెంతనున్న గోదావరి లంకలలో జింకలు కలవు. గోదావరి ఎగువను పాపికొండల యడవులున్నవి. గౌతమి కావలి యొడ్డున కోరింగ అభయారణ్యమున్నది. అందు నీటికుక్కలు, బావురుపిల్లులు వసించుచున్నవి. 2022 వ సంవత్సరము వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతమున పెద్దపులి తిరిగెను. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరము వెలుపల దివాన్‌చెరువు వైపునను, పిమ్మట కడియపు నర్సరీల దరిని చిరుతపులి సంచరించెను. మృగమునకు జిల్లా సరిహద్దులు తెలియవు. వరదనీటికి అంతకంటెను తెలియవు.

ఇంతేగాక మనలో ననేకులకు మెట్టసీమలోను, ఏజెన్సీ యంచులలోను చుట్టరికములు, కౌలుభూములు కలవు. అడవిపంది బాధ అచ్చటి రైతు నిత్యము అనుభవించుచున్నది. అచ్చటినుండి వచ్చు బంధువు సంచిలో నేమి తెచ్చెనో విచారింపక మనము పుచ్చుకొనుట కద్దు. కావున ఈ నెల పాఠమునకు ఈ విషయమును గైకొంటిమి. పంట పోయిన రైతు న్యాయము గోరవలసినవాడు. ఒక్క కత్తివ్రేటుతో, ఒక్క మూటతో అతడే ముద్దాయిగా మారుట యెట్లు సంభవించునో, దానిని తప్పించుకొను త్రోవ యేదో ఈ వ్యాసమున తెలిసికొందము.

ఒక మాదిరి

ఒక రైతు లంకభూమిలో అరటితోట వేసెననుకొందము. తెల్లవారుజామున తోటకు పోగా అడవిపంది యొకటి చచ్చి పడియున్నది. కుక్కలు తరిమినవో, జబ్బుపడినదో, ఎవరి యుచ్చులోనైన చిక్కి తప్పించుకొని వచ్చినదో తెలియదు. నలుగురు చేరిరి. “మన పంటను తిని బలిసిన పంది గదా, ఊరక పూడ్చిపెట్టుట యేల? వాటాలు వేసికొందము” అని యొకడనెను. ఒకడు కత్తి తెచ్చెను. మరియొకడు కాలు ఒకటి సంచిలో పెట్టి, మోటారుసైకిలుపై వియ్యాలవారి యూరికి పంపెను. ఎవరును పందిని చంపలేదు. ఎవరును దొంగతనము చేయుచున్నామని తలంపలేదు. అయినను చట్టము దృష్టిలో ఆ తోటలో ఆ యుదయమున నేరములు ఒకటి గాదు, మూడు నాలుగు జరిగినవి. అవి యేవియో క్రమముగా చూతము.

నాటి చట్టము, నేటి చట్టము

ఊరి పెద్దలలో కొందరు “పూర్వము లైసెన్సు తీసికొని వేటాడెడివారు, మాంసము తెచ్చుకొనెడివారు” అని చెప్పుదురు. వారి మాట అబద్ధము గాదు. చెన్నపురి రాజధాని కాలమున 1882 నాటి మద్రాసు అటవీ చట్టము క్రిందను, 1912 నాటి అడవిపక్షుల, జంతువుల రక్షణ చట్టము క్రిందను వేట కట్టుబాట్లతో సాగుచుండెను. 1972 లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసినప్పుడు గూడ వేట పూర్తిగా మానిపింపబడలేదు. ప్రత్యేక వేట, పెద్దవేట, చిన్నవేట యని జంతువులను పట్టీలుగా విభజించి, లైసెన్సు పొందినవాడు తాను చంపినవానికి లెక్కపుస్తకము ఉంచవలెనని నియమించిరి. అడవిపంది నాడు పెద్దవేట పట్టీలో నుండెను.

1991 వ సంవత్సరపు సవరణతో ఆ లైసెన్సుల పద్ధతి తొలగిపోయెను. 2022 లో మరల సవరించి, 2023 ఏప్రిలు 1 వ తేదీనుండి అమలులో పెట్టిరి. ఆరు షెడ్యూళ్లు నాలుగైనవి. జంతువులకు సంబంధించి మనము ముఖ్యముగా ఎరుగవలసినవి మొదటి రెండు. పులి, చిరుత, కృష్ణజింక, నీటికుక్క, బావురుపిల్లి మొదలైనవి మొదటి షెడ్యూలులో నున్నవి. అడవిపంది రెండవ షెడ్యూలులో నున్నది. ఈ రెండు షెడ్యూళ్లలోని యే జంతువునైనను వేటాడరాదని తొమ్మిదవ సెక్షను నిషేధించుచున్నది. కావున తాతలనాటి లైసెన్సు ముచ్చట నేడు చెల్లదు.

మాటల అర్థము

చట్టములో మాటలకు వాడుకలోని యర్థముకంటె విరివియైన యర్థముండును. వేట యనగా చంపుట మాత్రమే గాదు. విషము పెట్టుట, ఉచ్చు వేయుట, పట్టుట, తరుముట, ఎర పెట్టుట, గాయపరచుట, దేహములో నే భాగమునైన తీసికొనుట, పక్షుల గ్రుడ్లను, గూళ్లను చెడగొట్టుట, తుదకు వీనిలో దేనికైనను ప్రయత్నించుట — ఇవన్నియు వేటయే. ఉచ్చు వేసినవాడు “పంది పడలేదు గదా” యన్నంత మాత్రమున తప్పించుకొనజాలడు.

మాంసమనగా కండ మాత్రమే గాదు. నెత్తురు, ఎముకలు, నరములు, క్రొవ్వు, గ్రుడ్లు, తాబేటి డిప్ప యన్నియు అందు జేరును. పచ్చిదైనను మాంసమే, వండినదైనను మాంసమే. కుండలో ఉడికి కూరయైనంత మాత్రమున నేరము ఆవిరియై పోదు.

అనుమతి యెవరు ఇత్తురు?

చట్టము రైతును బొత్తిగా మరచిపోలేదు. పదునొకండవ సెక్షను ప్రకారము రెండవ షెడ్యూలులోని జంతువు మనుష్యుల ప్రాణమునకు గాని, ఆస్తికి గాని అపాయకరమైనప్పుడు, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారియో, ఆయన యధికారమిచ్చిన యుద్యోగియో, కారణములు వ్రాసి లిఖితపూర్వకముగా వేటకు అనుమతింపవచ్చును. ఆస్తి యనుమాటలో పొలముపై నున్న పంటయు చేరునని చట్టమే స్పష్టముగా చెప్పినది. అనుమతి ఫలానా ప్రాంతమునకు అని యుండును. నోటిమాట అనుమతి గాదు.

మొదటి షెడ్యూలు మృగముల విషయమున కట్టడి మిక్కిలి హెచ్చు. అది మనుష్యుల ప్రాణమునకు ముప్పు తెచ్చినప్పుడో, మానరాని జబ్బుగాని వైకల్యముగాని కలిగినప్పుడో, ముఖ్యాధికారి మాత్రమే ఉత్తరువు ఈయగలడు. దానిని పట్టుటకుగాని, మత్తుమందిచ్చి తరలించుటకుగాని వీలులేదని ఆయనకు తోచినగాని చంపుట కూడదు. ఇచ్చట పంటనష్టము కారణము కానేరదు.

తుపాకి లైసెన్సు కలవారు ఒక సంగతి గమనింపవలెను. 1959 నాటి ఆయుధముల చట్టమున పంటరక్షణకై మందు దట్టించు తుపాకికి లైసెన్సు నిచ్చు పద్ధతి కలదు. అది తుపాకి యుంచుకొనుటకు అనుమతియే గాని, మృగమును కాల్చుటకు అనుమతి గాదు. రెండు కాగితములును వేరు వేరు.

ఆత్మరక్షణ మాట యేమి? మీదబడిన మృగమును తనను గాని, పరుని గాని కాపాడుటకై సద్బుద్ధితో చంపినను, గాయపరచినను నేరము గాదు. అయితే ఈ మినహాయింపు మనిషి ప్రాణమునకు మాత్రమే, అరటిగెలకు గాదు. ఉచ్చు వేయబోయి, ఆ సమయమున మృగము మీదబడగా చంపితినని చెప్పువానికి ఇది వర్తింపదు.

చచ్చిన మృగము ఎవరిది?

ఈ పాఠమునకు ఇది ఆయువుపట్టు. ముప్పదితొమ్మిదవ సెక్షను ప్రకారము అనుమతితో వేటాడిన మృగము, అనుమతి లేక వేటాడిన మృగము, పొరపాటున చంపబడిన మృగము, చచ్చి కనబడిన మృగము — అన్నియు ప్రభుత్వపు సొత్తు. దాని మాంసము, చర్మము, కొమ్ములు, కోరలు గూడ నట్లే. ఆత్మరక్షణకై చంపిన మృగము సయితము ప్రభుత్వపు సొత్తేయని చట్టము వేరుగా చెప్పుచున్నది. మృగము మన పొలములో పడినది గావున మనదియను వాదము చెల్లదు. మన పంట తిన్నది గావున మనదియను వాదమును చెల్లదు.

అట్టి సొత్తు ఏ విధముగనైనను ఎవని చేతికి వచ్చునో, వాడు నలుబదియెనిమిది గంటలలోపల దగ్గరి పోలీసు స్టేషనుకుగాని, అధికారము గల అటవీ యుద్యోగికిగాని తెలియజేయవలెను, కోరినచో అప్పగింపవలెను. ముందుగా వ్రాతమూలమైన అనుమతి లేక దానిని ఉంచుకొనరాదు, ఇచ్చివేయరాదు, అమ్మరాదు, పాడుచేయరాదు.

ఇప్పుడు మన మాదిరిలోని తోటకు మరలుదము. కత్తిపెట్టి కోయుట ప్రభుత్వపు సొత్తును పాడుచేయుట. వాటాలు పంచుట దానిని పరులకిచ్చుట. వాటా పుచ్చుకొని యింటికి కొనిపోవుట దానిని తన స్వాధీనమున నుంచుకొనుట. ఈ మూడును వేరు వేరుగా నేరములు. పందిని చంపినవాడెవడో తెలియకపోయినను, వాటా పుచ్చుకొన్న ప్రతివాడును కేసులో చేరవచ్చును. ఇంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. సాధారణముగా నేరము ఋజువు చేయు భారము ప్రభుత్వముపై నుండును. కాని వన్యమృగ మాంసము ఒకని స్వాధీనమున నున్నట్లు తేలినచో, అది అక్రమమేయని న్యాయస్థానము ఊహించును. సక్రమమని చూపుకొను భారము అతనిపై బడును. “ఎవరో యిచ్చిరి, నేనెరుగ”నను మాట అచ్చట నిలుచుట కష్టము.

మోసికొనిపోవుట

మాంసము గాని చర్మము గాని సరఫరా చేయు బండి, పడవ, మోటారుసైకిలు, ఆటో, నేరమునకు వాడినదై పట్టుబడినచో, కత్తితోను ఉచ్చుతోను పాటు ప్రభుత్వపు సొత్తగును. వాయిదాల మీద కొన్న బండియైనను ఆ ప్రమాదము తప్పదు. రవాణాకు ఒప్పుకొనువాడు గూడ అధికారుల అనుమతి యున్నదో లేదో తగిన శ్రద్ధతో విచారించి మరీ ఒప్పుకొనవలెనని 48-ఎ సెక్షను చెప్పుచున్నది. కావున పంటుమీద రేవు దాటించువారు, ఆటో నడుపువారు, లారీవారు సంచిలో నేమున్నదో అడుగుట మర్యాద తప్పుట గాదు, తమ బ్రతుకు కాపాడుకొనుట. హోటలువారికి హెచ్చరిక మరింత అవసరము; వచ్చినవారికి అడవిమాంసము వండి వడ్డించుట వారి వ్యాపారమునకే ముప్పు.

రెండవ షెడ్యూలు జంతువు విషయమున శిక్ష మూడేండ్లవరకు ఖైదు, లేదా లక్ష రూపాయలవరకు జరిమానా, లేదా రెండును. మొదటి షెడ్యూలు జంతువైనచో మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్లవరకు ఖైదు, దానితోబాటు ఇరువదియైదు వేలకు తక్కువగాని జరిమానా. వరదలో కొట్టుకొనివచ్చి లంకగట్టున కృష్ణజింక చచ్చి పడియున్నదనుకొందము. అది మన రాష్ట్రజంతువు. దానిని కోసి తినుట పంది మాంసము తినుట వంటిది గాదు. ఈ రెండవ శిక్ష క్రిందకు వచ్చును. బ్రతికియున్నచో, దానిని కట్టివేయక, కుక్కలను దూరముగా నుంచి, వెంటనే కబురంపుటే ధర్మము.

కరెంటుతీగ, ఉచ్చు, నాటుబాంబు

చేని చుట్టు కరెంటుతీగ లాగుట అన్నిటికంటె ఘోరము. పంది చచ్చినచో వన్యప్రాణి చట్టము. స్తంభమునుండి దొంగతనముగా తీగ తగిలించినచో 2003 నాటి విద్యుత్తు చట్టము. తెల్లవారుజామున నీరు కట్టబోవు పొరుగురైతు దానిని తాకి చచ్చినచో భారతీయ న్యాయసంహిత. 2024 జూలై 1 నుండి అమలులోనున్న ఆ సంహితలో అజాగ్రత్తచే ప్రాణము తీసినందుకు అయిదేండ్లవరకు ఖైదు కలదు. శిక్ష సంగతి యటుంచి, పోయిన ప్రాణము పొరుగువానిది కావచ్చును, మన బిడ్డదే కావచ్చును. అంగడిలో దొరకు సౌరవిద్యుత్తు కంచె వేరు. అది క్షణకాలము మాత్రము తాకి విడుచు చిన్న దెబ్బతో మృగమును బెదరించునే గాని చంపదు. రెండింటిని ఒకటిగా తలంపరాదు.

ఇతర తావుల పద్ధతి

అమెరికా మొదలగు దేశములలో నున్న మన బంధువులు అచ్చట జింకను వేటాడి, అడవిలోనే కోసి, మాంసము బండిలో తెచ్చుకొను దృశ్యములను మనకు చూపుచుందురు. అచ్చటి చట్టము వేరు. లైసెన్సు పుచ్చుకొని, పలు రాష్ట్రములలో మృగము పడినవెంటనే దానికి చీటీ తగిలించి కదిలింపవలెను. అలాస్కాలో తినదగిన మాంసమును అడవిలో వదలివచ్చుటయే నేరము. అక్రమముగా చంపిన మృగమును ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు చేర్చుట 1900 నాటి లేసీ చట్టముచే నచ్చటను నిషిద్ధము. అచ్చట మాంసము వేటగానిది, ఇచ్చట ప్రభుత్వముది. ఒకచోటి న్యాయము మరియొకచోట చెల్లదు.

మన దేశములోనే పంటనష్టము దుస్సహమైనచోట్ల కొన్ని సడలింపులు కలిగినవి. 2015 లో బీహారునందు కొన్ని జిల్లాలలో అడవిపందిని, నీల్గాయిని, 2016 లో ఉత్తరాఖండమున కొన్ని జిల్లాలలో అడవిపందిని, ఒక యేటి గడువుతో కేంద్రప్రభుత్వము హానికర జంతువులుగా ప్రకటించెను. 2022 మే మాసమున కేరళప్రభుత్వము పంచాయతీ అధ్యక్షులకే అడవిపందిని చంపుటకు అనుమతినిచ్చు అధికారమును ఒసంగెను. అయినను విషము, ప్రేలుడు పదార్థము, కరెంటు వాడరాదనియు, శవమును శాస్త్రీయముగా తొలగింపవలెననియు నియమించినది. ఇంత యుదారముగా అనుమతి యిచ్చినచోట సయితము మాంసమును రైతుకు ఈయలేదని గ్రహింతురు గాక. కారణము స్పష్టము. మాంసమునకు వెలకట్టినచో పంటరక్షణ పేర వేట వ్యాపారమగును.

ఆరోగ్యకారణము గూడ గలదు. చచ్చి పడిన పంది యే జబ్బుతో చచ్చెనో కంటికి తెలియదు. సరిగా ఉడకని పందిమాంసమువలన క్రిములు మనుష్యుల కండలలో జేరును. 2020 లో మన దేశమున మొదట కనబడిన ఆఫ్రికా పందిజ్వరము మనుష్యులకు సోకదు గాని, ఒక్క మాంసపుముక్కవలన నూరిలోని పెంపుడు పందులన్నిటికి అంటుకొనగలదు.

రైతు చేయవలసినది

మృగము చచ్చి కనబడినప్పుడు ముందుగా దానిని ముట్టక, జనమును, కుక్కలను దూరముగా నుంచవలెను. పిమ్మట పోలీసు స్టేషనుకో, అటవీ రేంజి కార్యాలయమునకో తెలిపి, తెలిపిన వేళను, ఎవరికి తెలిపితిరో వ్రాసియుంచవలెను. నలుబదియెనిమిది గంటలని గడువున్నను అదేదినమున తెలుపుట మేలు. గ్రామపెద్దల యెదుట పంచనామా వ్రాయించుకొనవలెను. పశువైద్యుడు పరీక్షించిన తరువాత పూడ్చుటయో కాల్చుటయో అధికారులే చేయింతురు.

ఇక పంట సంగతి. నష్టపడిన చేనిని ఆ స్థితిలోనే ఫొటో తీయవలెను. అడుగుజాడలు, విరిగిన చెట్లు, చేని సరిహద్దు అందు కనబడవలెను. గ్రామములోని రైతు సేవా కేంద్రములో వ్యవసాయ సహాయకునికి, అటవీశాఖకు అర్జీలిచ్చి రసీదు పుచ్చుకొనవలెను. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయశాఖ యొక ప్రకటన చేసెను. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అడవిమృగములవలని నష్టమును, వరి ముంపును 2026 ఖరీఫునుండి స్థానిక నష్టముల క్రింద చేర్చుదుమనియు, నష్టపడినవాడు డెబ్బదిరెండు గంటలలో పంటబీమా యాప్ ద్వారా ఫొటోలతో తెలుపవలెననియు అందు గలదు. ఏయే మృగములు, ఏయే జిల్లాలు అనునవి రాష్ట్రప్రభుత్వము ప్రకటింపవలసియున్నది. మన సంఘములు ఆ పట్టీకై ఎదురుచూచుటతో సరిపెట్టక, తమ గ్రామముల నష్టపు లెక్కలు ఇప్పటినుండియే సేకరించి అర్జీలు పంపుట యుక్తము. ఒక్కని అర్జీకంటె సంఘము తీర్మానముతో గూడిన అర్జీకి బలమెక్కువ. నిజముగా పందుల బాధ మితిమీరిన యూరివారు పదునొకండవ సెక్షను క్రింద అనుమతి కోరుటకును ఇదియే మార్గము.

ఇచ్చట రెండు గడువులను కలిపి కంఠస్థము చేయుడు. మృగమును గూర్చి నలుబదియెనిమిది గంటలు, బీమా పంటనష్టమును గూర్చి డెబ్బదిరెండు గంటలు. మాంసము కోసికొన్నవాడు ఏ కార్యాలయమునకు పోయి పంటనష్టము చెప్పుకొనగలడు? పంది వచ్చినదనుటకు సాక్ష్యము దాని శవమే. దానిని తానే కుండలో వేసికొనెను. పరిహారమునకై నోరు తెరచినచో నేరము బయటపడును. నోరు మూసికొన్నచో నష్టము తనకే మిగులును. రెండు సేర్ల మాంసమునకై యెకరము పంటపై తన హక్కును అతడు వదలుకొన్నట్లాయెను.

సంఘ సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. లంకగట్టున వరదకు కొట్టుకొనివచ్చిన జింక చచ్చి కనబడినది. అది ఎవరి సొత్తు? చూచినవాడు ఎన్ని గంటలలో, ఎవరికి తెలుపవలెను?

2. తుపాకి లైసెన్సు గల రైతు తన చేనిలోని పందిని కాల్చెను. అతని లైసెన్సు అతనిని రక్షించునా?

3. చుట్టము తెచ్చిన అడవిపంది కూర మన యింట నున్నది. అది చట్టములో మాంసమగునా?

4. మన గ్రామమున గడచిన యేడాది మృగములవలన నష్టపడిన చేలు ఎన్ని? ఆ లెక్క సంఘము పుస్తకమునందు వ్రాయబడినదా?

మొదటి మూడింటికి జవాబులు పై పాఠమునందే కలవు. నాలుగవదానికి జవాబు మీ సంఘము వ్రాయవలసియున్నది. వచ్చు సమావేశముననే ఆ పని ప్రారంభింతురని నమ్ముచున్నాము.